బోదకాలుకు మందు చూపిన భీమవరం బిడ్డ

భీమవరం: గోదావరి డెల్టా వాసులకు బోదకాలు తెలియని వ్యాధి కాదు. అదే వ్యాధి సైనికుల వెంట అమెరికా చేరినప్పుడు అక్కడి వైద్యుల వద్ద సరైన మందు లేకపోయింది. ఆ మందును కనుగొన్న పరిశోధక బృందానికి సారథి మన భీమవరంలో జన్మించిన డాక్టర్‌ యల్లాప్రగడ సుబ్బారావు కావడం విశేషం.

1895 జనవరి 12న జగన్నాథం, వెంకమ్మ దంపతులకు ఆయన జన్మించారు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఫలితంగా ఎంబీబీఎస్‌కు బదులు ఎల్‌ఎంఎస్‌ పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. సోదరులను బలిగొన్న సంగ్రహణి ఆయననూ పట్టి పీడించింది. డాక్టర్‌ ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారు. ఉష్ణమండల వ్యాధుల అంతు చూడాలన్న పట్టుదలతో 1923 అక్టోబరులో బోస్టన్‌ చేరారు. ఆసుపత్రిలో చిన్నపాటి కొలువు చేస్తూ హార్వర్డ్‌లో ఆ వ్యాధుల వైద్యంలో డిప్లొమా, 1930లో పీహెచ్‌డీ పొందారు. శరీరంలోని శక్తి రసాయనాలపై ఫిస్కేతో కలిసి చేసిన పరిశోధనలు ఆయనకు పేరు తెచ్చాయి. 1940లో న్యూయార్క్‌ రాష్ట్రం పెర్ల్‌ రివర్‌లోని లెడర్లీ సంస్థలో చేరి, అనంతరం పరిశోధన విభాగానికి అధిపతి అయ్యారు.

సైనికుల వెంట వచ్చిన వ్యాధి

రెండో ప్రపంచ యుద్ధంలో సమోవా తదితర పసిఫిక్‌ దీవులకు వెళ్లిన వేలాది అమెరికా సైనికులు ఫైలేరియా బారినపడ్డారు. చేతులు, కాళ్లు వాచేవి. గజ్జల్లో బిళ్లలు కట్టేవి. ఇటువంటి రోగిని అంతకుముందు చూసిన వైద్యులు అక్కడ అరుదు. వ్యాధి తొలి దశలో ఉండటంతో రక్తపరీక్షల్లో సూక్ష్మక్రిములు చాలావరకు కనిపించలేదు. జీవితాంతం ఏనుగు కాళ్లతో బతకాల్సి వస్తుందేమోనని సైనికులు కలత చెందారు. మలేరియా, ఫైలేరియా సోకిన మెరైన్ల కోసం 1944లో ఆరెగాన్‌ రాష్ట్రంలోని క్లామత్‌ ఫాల్స్‌లో ప్రత్యేక శిబిరం నెలకొల్పారు. ఏళ్ల తరబడి దోమకాటు కొనసాగితే తప్ప వ్యాధి ముదరదు గనుక, దీవులను వీడిన వారిలో అత్యధికులు కోలుకున్నారు. అయితే అప్పట్లో ప్రయత్నించిన యాంటిమొని మందులు ఆశించిన మేలు చేయలేదు.

ఆలస్యంగా అందిన ఔషధం

సుబ్బారావు నేతృత్వంలోని శాస్త్రవేత్తలు ఇదే జాతి పురుగులు సోకిన ఎలుకలపై అనేక రసాయనాలను పరీక్షించారు. చివరకు డైఇథైల్‌ కార్బమజైన్‌ ఫలించింది. హెట్రజాన్‌ పేరిట వచ్చిన ఈ మందును ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు 1947లో వెలువడ్డాయి. రక్తంలోని సూక్ష్మక్రిములను ఇది నశింపజేస్తుంది. దాంతో దోమ ద్వారా మరొకరికి సోకే మార్గం మూసుకుపోతుంది. కానీ అప్పటికే యుద్ధం ముగిసి రెండేళ్లయింది. మరుసటి ఏడాది ఆగస్టులో 53 ఏళ్ల వయసులో సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. ఆయన రాక కోసం ఎదురుచూసిన సతీమణి శేషగిరికి నిరాశే మిగిలింది.

మన దేశంలో 1955లో ప్రారంభమైన జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమంలో ఈ మందునే వినియోగించారు. వ్యాధి ఉన్న జిల్లాల్లో ఇంటింటికీ పంపిణీ చేసిన డీఈసీ మాత్ర ఇదే. విచిత్రమేమంటే, పుట్టిన అమెరికాలోనే ఆ మందు తర్వాతి కాలంలో విక్రయానికి దూరమైంది. వలస వచ్చిన వారిలోనో, ప్రయాణికుల్లోనో ఫైలేరియా బయటపడితే, పరీక్షలో నిర్ధారణ అయ్యాక అక్కడి వ్యాధి నియంత్రణ కేంద్రం సీడీసీ నుంచి తెప్పించుకునే పద్ధతి ఏర్పడింది.

దోమకు సరిహద్దులున్నా, మనిషి ప్రయాణానికి లేవు. తమ ప్రాంతంలో లేని వ్యాధి అని ఏ దేశమూ నిశ్చింతగా ఉండజాలదు. రోగి ఎక్కడి నుంచి వచ్చాడో అడిగే వైద్యుడు, క్రిమిని గుర్తించే ప్రయోగశాల, వేళకు అందే మందు ముందే సిద్ధంగా ఉండాలి. యుద్ధం ముగిశాక చేతికందిన హెట్రజాన్‌ కథ చెప్పేది ఇదే.