నికొలస్ కల్పెపర్ - కామెర్ల మొక్క

మన బోటనీ పుస్తకాల్లో నికొలస్ కల్పెపర్ పేరు కనిపించదు. డిగ్రీ లేని మనిషి కావడమే కారణమేమో! నాకు మాత్రం బాగా దగ్గరివాడనిపిస్తాడు.

1616లో ఇంగ్లండులో పుట్టాడు. పుట్టకముందే తండ్రి పోయాడు. కేంబ్రిడ్జిలో చేరి, చదువు పూర్తిచెయ్యకుండానే బయటికొచ్చి, లండన్‌లో మందుల దుకాణంలో అప్రెంటిస్‌గా కుదిరాడు. పెళ్ళయ్యాక భార్య ఆలిస్ తెచ్చిన కట్నం ఆసరాతో, నగరం గోడల వెలుపల స్పిటల్‌ఫీల్డ్స్‌లో సొంతంగా వైద్యం పెట్టాడు. పొద్దున్నే పేదవాళ్ళు బారులు తీరేవారు. ఖరీదైన దిగుమతి సరుకు బదులు దారిపక్కన దొరికే మొక్కలే చెప్పేవాడు.

అప్పట్లో మందుల గ్రంథం లాటిన్‌లో ఉండేది. వైద్యుల కాలేజీ గుప్పిట్లో ఉండేది. 1649లో కల్పెపర్ దాన్ని ఇంగ్లీషులోకి దించేశాడు. పెద్ద డాక్టర్లు భగ్గుమన్నారు. తెలుగు మీడియంలో చదివి, ఇంటర్‌లో ఇంగ్లీషు పుస్తకం ముందు బిక్కమొహం వేసిన మాబోటివాళ్ళకు ఆ పని విలువ వేరే చెప్పనక్కరలేదు.

1652లో తన మూలికల పుస్తకం వేశాడు. మిల్క్ థిసిల్ అనే ముళ్ళమొక్కను ఆయన కామెర్లకు మంచిదన్నాడు. కారణం వింటే ఇప్పుడు నవ్వొస్తుంది: ఆ మొక్క గురుగ్రహం ఏలుబడిలోదట, కాలేయమూ ఆ గ్రహానిదేనట! కాని 1968లో మ్యూనిక్ శాస్త్రజ్ఞులు దాని గింజల్లోంచి సిలిమారిన్ వేరుచేశారు. అందులోని సిలిబినిన్, పుట్టగొడుగుల విషాన్ని కాలేయ కణాల్లోకి దూరనివ్వకుండా అడ్డుపడుతుంది. యూరపులో దాన్ని సూదిమందుగా ఇస్తారు. అయితే 2012లో అచ్చయిన అమెరికా పరీక్షలో, హెపటైటిస్-సి ఉన్న 154 మందిలో, సిలిమారిన్ ఉత్తుత్తి మాత్రకన్నా మెరుగనిపించుకోలేదు.

మా పొలంగట్ల మీది నేల ఉసిరి కథా ఇంతే. 1988లో మద్రాసు పరిశోధకులు, నోబెల్ గ్రహీత బ్లంబర్గ్‌తో కలిసి, హెపటైటిస్-బి వైరస్ మోస్తున్న 37 మందికి ఇస్తే 22 మంది రక్తంలో వైరస్ గుర్తు పోయిందన్నారు. తర్వాత వేరేచోట్ల చేసిన పరీక్షల్లో ఆ ఫలితం రాలేదు. కలుషిత నీళ్ళవల్ల వచ్చే కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకొస్తుంది. వాంతులు ఆగకపోయినా, మగత కమ్మినా పసరు నూరుతూ కూర్చుంటే ప్రాణం మీదికొస్తుంది.

కల్పెపర్‌కు మాత్రం ఏ మొక్కా అక్కరకు రాలేదు. 1643లో అంతర్యుద్ధంలో తుపాకి దెబ్బ తిన్నాడు. ఆపైన క్షయ. 1654 జనవరి 10న, 37 ఏళ్ళకే పోయాడు. ఏడుగురు పిల్లల్లో బతికింది మేరీ ఒక్కతే. ఆలిస్ చేతిలో రాతప్రతుల కట్టలు మిగిలాయి.