బొమ్మలు కూడబెట్టిన నవాబు

హైదరాబాదు వెళ్ళివచ్చిన మనవాళ్ళలో సాలార్ జంగ్ మ్యూజియం చూడనివారు అరుదు. పోర్టులో చేసినవారైనా, ఉక్కు కర్మాగారంలో చేసినవారైనా ఎల్.టి.సి. పెట్టుకుని, పిల్లలను వెంటబెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, చార్మినార్, గోల్కొండలతో పాటు అదీ చూసి వచ్చినవారే. వచ్చాక ఏం చూశారని అడిగితే పెద్దలు మేలిముసుగు రెబెక్కా విగ్రహం గురించి చెప్పేవారు. పిల్లలు మాత్రం గంట కొట్టే గడియారం గురించీ, బొమ్మల గది గురించీ చెప్పేవారు. పిల్లలను అంతగా ఆకట్టుకున్న ఆ బొమ్మలను కూడబెట్టిన మనిషి గురించి మనకు తెలిసింది తక్కువ.

ఆయన అసలు పేరు మీర్ యూసఫ్ అలీ ఖాన్. మూడవ సాలార్ జంగ్ అన్నది బిరుదు. 1889 జూన్ 13న పుణెలో పుట్టారు. తాతగారు మొదటి సాలార్ జంగ్ 1853 నుంచి 1883లో చనిపోయే వరకు ముప్పై ఏళ్ళు హైదరాబాదు సంస్థానానికి దివానుగా పనిచేసి, అప్పుల్లో మునిగిన ఖజానాను ఒడ్డుకు చేర్చిన దక్షుడు. తండ్రి రెండవ సాలార్ జంగ్ కూడా కొంతకాలం దివానుగిరీ చేశారు. బిడ్డ పుట్టిన నెల తిరగకుండానే, 1889 జూలైలో, ఆ తండ్రి చిన్న వయసులోనే కన్నుమూశారు. తండ్రి ముఖం ఎరగని ఆ పసివాడు, తాతల నాటి దివాన్ దేవిడీకీ, జాగీరుకీ వారసుడయ్యాడు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ ఆ కుటుంబాన్ని కనిపెట్టి ఉన్నారు.

ఏడవ నిజాము ఉస్మాన్ అలీ ఖాన్ 1912లో యూసఫ్ అలీ ఖాన్‌ను ప్రధానమంత్రిని చేశారు. అప్పటికి ఆయన వయసు 23. రెండేళ్ళు తిరిగాయో లేదో, 1914 చివరిలో పదవి వదిలేశారు. తరువాత కొన్నేళ్ళు నిజామే స్వయంగా రాజ్య వ్యవహారాలు చూసుకున్నారు. మనమంతా 58కో 60కో రిటైరై, తరువాత ఏం చెయ్యాలా అని తలపట్టుకున్నవాళ్ళం. ఆయన 25 ఏళ్ళకే ఆ స్థితిలో పడ్డారు! పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. డబ్బుకు లోటు లేదు. తరువాతి ముప్పై నాలుగేళ్ళూ వస్తువులు కొనడంలో గడిపారు.

తాత, తండ్రి కూడా కొన్నవారే. రెబెక్కా విగ్రహాన్ని 1876లో ఐరోపా వెళ్ళినప్పుడు తాతగారే కొన్నారు. దాన్ని చెక్కినది బెంజోనీ అనే ఇటలీ శిల్పి. కానీ మ్యూజియంలో ఉన్నదాంట్లో ఎక్కువ భాగం మనవడి కొనుగోలే. దేశవిదేశాల నుంచి వర్తకులు సరుకు పట్టుకుని దివాన్ దేవిడీకి వచ్చేవారు. ఆయనా విదేశాలు తిరిగారు. పచ్చరాతి గిన్నెలు, దంతపు పనితనం, పారశీక తివాచీలు, చేతికర్రలు, కత్తులు, చేతిరాత గ్రంథాలు, ఒకటేమిటి, నచ్చిందల్లా కొన్నారు. ఇప్పుడు మ్యూజియంలో కళావస్తువులే 43 వేల దాకా ఉన్నాయని లెక్క.

ఈ పోగులోనే బొమ్మలున్నాయి. పింగాణీ జంతువులు, పక్షులు, రకరకాల దుస్తుల బొమ్మలు, బారులు తీరిన సీసపు సిపాయిలు, ఆటరైలు. పిల్లలు లేని ఇంటికి ఇన్ని బొమ్మలెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. తండ్రి లేని బాల్యంలో తీరని ముచ్చట పెద్దయ్యాక తీర్చుకున్నాడని ఒక మాట అనేయవచ్చు. నాకైతే అంత సులువైన లెక్కగా తోచదు. తీరని ముచ్చట ఒక్కటే అయితే బొమ్మలే కొనాలి, ఆయన అన్నీ కొన్నారు. అయితే ఒకటుంది. పచ్చరాయి కొన్నా, పాత కత్తి కొన్నా రేపు ధర పలుకుతుందన్న ఆశ ఉంటుంది. పిల్లలాడుకునే బొమ్మకు ఆ రోజుల్లో అలాంటి ఆశ ఎవరికుంటుంది? పనితనం చూసి ముచ్చటపడితేనే కొంటారు. చక్రవర్తుల ఆయుధాలు కొన్న చేత్తోనే సీసపు సిపాయినీ కొని భద్రం చేయడం ఆయన ప్రత్యేకత.

గడియారం కథా అంతే. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ దుకాణం ద్వారా కొన్నది. లోపలి నుంచి గడ్డం మనిషి బయటికొచ్చి, ఎంత గంటైతే అన్ని దెబ్బలు కొట్టి లోపలికి పోతాడు. పక్కనే ఒక కమ్మరి క్షణక్షణం సుత్తి వేస్తూ ఉంటాడు. పేరుకు గడియారం గానీ అదీ ఆడే బొమ్మే. గంటకు ముందే జనం చేరి, తాతలూ మనవలూ ఒకే వరసలో కూర్చుని ఆ తలుపు వంక చూస్తారు.

ఇక్కడ మన జిల్లా మాట ఒకటి చెప్పాలి. వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. విశాఖ జిల్లాలోనిది, 2022 నుంచి అనకాపల్లి జిల్లా అయింది. అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ లక్కకడ్డీ ఆనిస్తే, రాపిడి వేడికి లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. పైన మొగలి ఆకుతో రుద్దితే నిగనిగలాడుతుంది. లక్కపిడతలు, బొంగరాలు, దారం కట్టి లాగే చక్రాల ఏనుగు, గుర్రం అందరి ఇళ్ళల్లోనూ ఉండేవి. చెక్క పళ్ళెం మీద కోళ్ళు, కింద దారాలకు వేలాడే గుండు. ఆ గుండును గుండ్రంగా తిప్పితే కోళ్ళు వంతులవారీగా గింజలు పొడిచేవి. ఒక దారం బిగుసుకుంటే ఒక మెడ వంగుతుంది, సడలితే లేస్తుంది. యంత్రం పనిచేసిన మనవాళ్ళకు ఆ కిటుకు విప్పి చెప్పనక్కరలేదు.

ఆ పాత బొమ్మలు మన ఇళ్ళల్లో ఎన్ని మిగిలాయి? ఆడుకునే బొమ్మ ఆటలోనే అరిగిపోతుంది. దారం తెగుతుంది, చక్రం ఊడుతుంది, మిగిలింది పొయ్యిలోకి పోతుంది. సంక్రాంతికి బొమ్మల కొలువు పెట్టే ఇళ్ళల్లో మాత్రం, ఏటా ఒక కొత్త బొమ్మ చేర్చి, పండుగ కాగానే పాతబట్టల్లో చుట్టి పెట్టెలో దాచడం వల్ల కొన్ని మిగిలాయి. ఆ గృహిణులను సేకర్తలని ఎవరూ అనలేదు గానీ నవాబుగారు చేసిన పనే వారూ చేశారు. ఏటికొప్పాకలో ప్రకృతి రంగులను మళ్ళీ వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజు గారికి 2023లో పద్మశ్రీ వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో మన రాష్ట్ర శకటం ఆ బొమ్మలదే.

మళ్ళీ నవాబుగారి దగ్గరికి వస్తే, 1948 సెప్టెంబరులో హైదరాబాదు భారతదేశంలో కలిసింది. 1949 మార్చి 2న ఆయన మరణించారు. అదే ఏడాది ఆగస్టులో జాగీర్ల రద్దు వచ్చింది. అంటే అన్నేళ్ళు ఆ కొనుగోళ్ళను పోషించిన రాబడి, ఆయన వెనకే పోయింది. ఆ రాబడి జాగీరు రైతుల కష్టమే. ఆ సంగతి దాచి, నవాబుగారి రసికతను మాత్రమే పొగడడం నాకిష్టం లేదు.

అసలు ప్రమాదం అప్పుడే వచ్చింది. ఆయనకు సంతానం లేదు. వారసులమంటూ వచ్చిన బంధువులు చాలామంది. పంచుకోవడం మొదలైతే తివాచీ ఒకరికి, కత్తి ఒకరికి పోయేవి. బొమ్మల మాట చెప్పనే అక్కరలేదు, అవి ఏ సంతలోనో తేలేవి. ప్రభుత్వం ఎస్టేటుకు ఒక కమిటీ వేసింది. సరుకును వరసపెట్టి ప్రదర్శనగా అమర్చే పనిలో జేమ్స్ కజిన్స్ అనే ఐర్లండు కవి, కళావిమర్శకుడు సాయపడ్డారు. 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే నెహ్రూ గారు మ్యూజియం ప్రారంభించారు. వారసులతో హైకోర్టు ద్వారా రాజీ కుదిరి, 1958లో అంతా కేంద్ర ప్రభుత్వానికి చేరింది. 1961లో పార్లమెంటు చట్టం చేసి దాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ దక్షిణపు ఒడ్డున ఇప్పుడున్న భవనంలోకి మార్చారు. బతికుండగా నౌకర్ల చేతుల్లోనూ, తరువాత ఇల్లు మారేటప్పుడూ చాలా వస్తువులు పోయాయని జనం చెప్పుకుంటారు. దివాన్ దేవిడీలో చాలా భాగం కూలిపోయి, ఆ చోట అంగళ్ళు లేచాయి. ఆయన పెరిగిన వంశపు భవనం నిలవలేదు, ఆయన కొన్న ఆటరైలు నిలిచింది.

ఈసారి మనవలను తీసుకుని వెళ్ళే సభ్యులకు ఒక సూచన. శుక్రవారం మ్యూజియానికి సెలవు. పన్నెండు గంటలకైతే గడియారంలోని గడ్డం మనిషి పన్నెండు దెబ్బలు కొడతాడు కనుక, పదకొండున్నరకే లోపలికి చేరి చోటు చూసుకోండి. ఆ తరువాత జనమంతా రెబెక్కా వైపు కదులుతారు. అప్పుడు బొమ్మల గది కాస్త ఖాళీగా ఉంటుంది.