కామాలు తెలియని మహాకవి

1923లో సాహిత్య నోబెల్ అందుకున్న ఐర్లాండ్ కవి విలియం బట్లర్ యేట్స్‌కు జీవితాంతం స్పెల్లింగ్ పట్టుబడలేదు. ఆయన ఉత్తరాలను సంపుటాలుగా తెచ్చిన సంపాదకులు ఆ తప్పులను దిద్దకుండా అలాగే అచ్చువేశారు.

యేట్స్ 1865లో డబ్లిన్ శివారు శాండీమౌంట్‌లో పుట్టాడు. బాల్యంలో చాలా భాగం స్లైగోలో, తల్లి పుట్టింట్లో గడిచింది. అక్కడ మేనమామలు, పిన్నులు చదువు నేర్పబోయి విసిగిపోయారు. తనకంటే చిన్నవాళ్లు గడగడా చదువుతుంటే ఈ పిల్లాడికి అక్షరాలు కూడలేదు. బుర్ర ఎదగలేదేమోనని వాళ్లకు అనుమానం వచ్చింది. ఆ తర్వాత తండ్రి జాన్ రంగంలోకి దిగాడు. న్యాయవాద వృత్తి వదిలేసి చిత్రకారుడైన ఆయనకు ఓపిక తక్కువ. ఒకరోజు కోపం పట్టలేక వాచకాన్ని కొడుకు తలమీదికి విసిరేశాడు.

ఆ తండ్రే మరో మేలు చేశాడు. మెకాలే గాథాగీతాలు, వాల్టర్ స్కాట్ కావ్యాలు, నవలలు పైకి చదివి వినిపించాడు. కంటికి చిక్కనిది పిల్లాడికి చెవిలో పడి నిలిచిపోయింది.

బడిలో మాత్రం పెద్దగా మార్పు లేదు. 1877లో చేరిన లండన్ గొడాల్ఫిన్ స్కూల్ అతని స్పెల్లింగ్ బాగా బలహీనమని రిపోర్టులో రాసింది. 1881లో కుటుంబం డబ్లిన్‌కు తిరిగొచ్చింది. తాత, తండ్రి చదివిన ట్రినిటీ కాలేజీకి తానూ వెళ్లాలి. కానీ గ్రీకు, లాటిన్, లెక్కలతో ప్రవేశ పరీక్ష గట్టెక్కలేనని తెలుసు. అందుకే 1884లో చిత్రకళా పాఠశాలలో చేరాడు. మరుసటి ఏడాదే తొలి కవితలు అచ్చయ్యాయి.

ఇది డిస్లెక్సియా అని ఇప్పుడు చాలామంది అంటారు. చనిపోయిన మనిషికి పరీక్షలు చేయలేం కనుక అది ఊహే, కాకపోతే తేలిగ్గా కొట్టిపారేయలేనిది. యేట్స్ బడికి వెళ్లే రోజుల్లో ఈ సమస్యకు పేరే లేదు. తెలివైన 14 ఏళ్ల కుర్రాడు చదవలేకపోవడం గురించి బ్రిటిష్ వైద్యుడు ప్రింగిల్ మోర్గాన్ రాసింది 1896లో. అప్పటికి యేట్స్‌కు 31 ఏళ్లు, కవిగా పేరూ ఉంది.

ఆయన కవిత్వం పుట్టిన తీరు గమనించదగ్గది. గదిలో అటూ ఇటూ నడుస్తూ, చేత్తో తాళం వేస్తూ, ఒక్కో పాదాన్ని గొణుక్కుంటూ కట్టేవాడు. కాగితం తర్వాతి సంగతి. కామాలు, ఫుల్‌స్టాప్‌లు తనకు అర్థం కావని, తాను పూర్తిగా చెవి కోసమే రాస్తానని 1915లో తోటి కవి రాబర్ట్ బ్రిడ్జెస్‌కు రాసిన ఉత్తరంలో ఒప్పుకున్నాడు. నలుగురికీ తెలిస్తే నవ్వుతారని దాచుకునే లోపాన్ని ఇంత మామూలుగా చెప్పగలగడం చిన్న విషయం కాదు.

1912 వేసవిలో రవీంద్రనాథ్ టాగూర్ ఇంగ్లీషు గీతాంజలి రాతప్రతి చిత్రకారుడు విలియం రోథెన్‌స్టైన్ ద్వారా ఆయన చేతికొచ్చింది. రైళ్లలో, బస్సుల్లో వెంట తిప్పుకుంటూ చదివాడు, అక్కడక్కడా చిన్న సవరణలు సూచించాడు, ముందుమాట రాశాడు. మరుసటి ఏడాది టాగూర్‌కు నోబెల్ వచ్చింది. బడి చదువు టాగూర్‌కూ గిట్టలేదు, ఆయన కారణాలు వేరు.

1922లో ఐర్లాండ్ సెనేట్‌లో సభ్యుడైన యేట్స్, 1930లలో బీబీసీ రేడియోలో తన కవితలు చదివాడు. వాటిని వచనంలా చదవబోనని శ్రోతలకు ముందే చెప్పి, లయను నొక్కిపలుకుతూ దాదాపు పాడినట్టే వినిపించాడు. ఆ రికార్డింగుల్లో కొన్ని ఇప్పటికీ దొరుకుతున్నాయి.