అన్నీ కొన్నాడు.. ఆ ఒక్క వైద్యం తప్ప!

మీ అబ్బాయి చేతులు పదే పదే కడుగుతున్నాడా? మీ అమ్మాయి తలుపు గడియ పెట్టానో లేదో అని పదిసార్లు లేచి చూసొస్తోందా? తనకేమీ కాదు కదా అని రోజంతా మిమ్మల్ని అడుగుతూనే ఉందా? అయితే ఓసీడీ అన్న మాట ఇప్పటికే మీ చెవిన పడి ఉంటుంది. దాంతోపాటు సలహాలు కూడా. ఒంట్లో ఏదో లోపం ఉండుంటుందని ఒకరు, ఫలానా విటమిన్ వేస్తే తగ్గుతుందని మరొకరు చెబుతూ ఉంటారు. మందుల పేరెత్తితే మీకు భయం. సప్లిమెంట్ అయితే హాని ఉండదులే అనిపిస్తుంది. ఆ సీసా కొనే ముందు అమెరికన్ కోటీశ్వరుడు హోవర్డ్ హ్యూస్ జీవితం ఒకసారి చూడండి.

అమ్మ భయం

హ్యూస్ 1905లో టెక్సస్ రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి చమురు బావులు తవ్వే పరికరాల వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఒక్కగానొక్క కొడుకు. పోలియోకు టీకా లేని రోజులవి. తల్లి అలీన్‌కు రోగాలంటే విపరీతమైన భయం. రోజూ కొడుకు పాదాలు, పళ్లు పరీక్షగా చూసేది. అరుగుదలలో ఏ కాస్త తేడా కనిపించినా డాక్టరు దగ్గరకు తీసుకెళ్లేది. మన ఇళ్లలో ఒకప్పుడు ఆముదం పట్టించినట్టు, రాత్రిళ్లు మినరల్ ఆయిల్ తాగించేదని జీవితచరిత్రకారులు రాశారు. పిల్లవాణ్ని వేసవి శిబిరానికి పంపినా, అక్కడి నిర్వాహకుడికి జాగ్రత్తలు చెబుతూ ఉత్తరాలు రాసేది.

పదమూడేళ్ల వయసులో హ్యూస్ ఉన్నట్టుండి నడవలేకపోయాడు. పెద్ద పెద్ద డాక్టర్లు చూసినా కారణం తేలలేదు. కొన్ని నెలలకు తనంతట తానే లేచి తిరిగాడు. పదహారేళ్లకు తల్లి, పద్దెనిమిదేళ్లకు తండ్రి పోయారు.

ఇందులో ఆ తల్లిని తప్పుపట్టకండి, మిమ్మల్ని మీరూ నిందించుకోకండి. ఓసీడీ పెంపకం వల్ల వచ్చే జబ్బు కాదు. వంశపారంపర్యానికీ, మెదడు పనితీరులో తేడాలకూ ఇందులో పాత్ర ఉంది. కాకపోతే ఒకటి గమనించండి. ఆ ఇంట్లో బిడ్డ ఒంటిని అంత శ్రద్ధగా చూసుకున్నారు. మనసులోని భయాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు.

ఊకొట్టిన మనుషులు

హ్యూస్ సినిమాలు తీశాడు, విమానాలు తయారుచేశాడు. 1938లో దాదాపు 91 గంటల్లో విమానంలో భూమిని చుట్టొచ్చి రికార్డు సృష్టించాడు. 1946లో తాను నడుపుతున్న విమానం కూలి తీవ్రంగా గాయపడ్డాడు. ఆ తర్వాత నొప్పి మందులకు క్రమంగా బానిసయ్యాడు.

ఈ పేరుప్రతిష్ఠల చాటున భయం పెరుగుతూనే వచ్చింది. బఠాణీలను సైజుల వారీగా వేరుచేసి తినేవాడు. ఏ వస్తువు అందించాలన్నా టిష్యూ కాగితంతో పట్టుకునే ఇవ్వాలి. పండ్ల డబ్బా ఎలా కడగాలో, ఎలా తెరవాలో పనివాళ్లకు అంచెలంచెలుగా సూచనలు రాయించాడు. వాళ్లు తు.చ. తప్పకుండా పాటించారు. జీతమిచ్చే యజమానిని కాదనేవాళ్లెవరు? 1966లో లాస్‌వేగాస్‌లో ఒక హోటల్లో దిగి, మరుసటి ఏడాది ఆ హోటల్‌నే కొనేశాడు. కిటికీ తెరలు మూసిన గదిలో ఏళ్ల తరబడి గడిపాడు.

మన ఇళ్లలోనూ ప్రేమకొద్దీ ఇదే చేస్తుంటాం. పాప అడిగిందని గ్లాసు మళ్లీ కడుగుతాం. ఏమీ కాదని ఇరవైసార్లు చెబుతాం. ఆ క్షణానికి పాప భయం తగ్గుతుంది. కానీ గ్లాసు కడగడం వల్లే గండం తప్పిందని మెదడు నేర్చుకుంటుంది. మర్నాడు రెండుసార్లు కడగమంటుంది.

లండన్‌లో పుట్టిన వైద్యం

ఓసీడీకి నేడు ప్రపంచమంతా వాడుతున్న చికిత్సకు పునాది లండన్‌లో పడింది. 1966లో మిడిల్‌సెక్స్ ఆసుపత్రికి చెందిన విక్టర్ మేయర్ ఇద్దరు రోగుల మీద ప్రయత్నించి ఫలితాలు ప్రచురించాడు. భయపెట్టేదాన్ని ఎదుర్కోనివ్వడం, ఆ తర్వాత చేతులు కడగడం వంటి పనిని ఆపడం.. దీన్నే ఇప్పుడు ఈఆర్‌పీ అంటున్నారు. హ్యూస్ 1972 చివరి నుంచి దాదాపు ఏడాదిపాటు అదే లండన్‌లో ఒక హోటల్ గదిలో ఉన్నాడు. వెంట డాక్టర్లు కూడా ఉన్నారు. అయినా ఈ చికిత్స అందిన దాఖలా లేదు.

1976 ఏప్రిల్ 5న విమానంలో ఆసుపత్రికి తీసుకెళ్తుండగా కిడ్నీలు పనిచేయక చనిపోయాడు. ఆరడుగుల పైన ఎత్తున్న మనిషి సుమారు 42 కిలోలే ఉన్నాడు. ఆనవాలు పట్టడానికి వేలిముద్రలు చూడాల్సి వచ్చింది. మరణించాక ఆయన జీవితాన్ని పరిశీలించిన మనస్తత్వ నిపుణుడు రేమండ్ ఫౌలర్ ఓసీడీ ఛాయలను చిన్ననాటి నుంచే గుర్తించాడు.

మరి సప్లిమెంట్ల సంగతి?

మీరు విన్న పేర్లలో ఇనాసిటాల్ ఉండొచ్చు. 1996లో ఇజ్రాయెల్‌లో 13 మందికి రోజుకు 18 గ్రాముల చొప్పున ఇస్తే కొంత మెరుగుదల కనిపించింది. అది పెద్దల మీద చేసిన చిన్న అధ్యయనం. ఓసీడీ మందులకు దీన్ని జోడించి చూసినప్పుడు అదనపు లాభం కనిపించలేదు. ఎన్-అసిటైల్ సిస్టీన్ మీద జరిగిన పరిశోధనల్లో కొన్ని ఫలితమిచ్చాయి, కొన్ని ఇవ్వలేదు. వీటి మీద ఆధారపడి పిల్లల ఓసీడీకి చికిత్స చేసేంత రుజువు లేదు.

విటమిన్ డి, బి12, ఐరన్ లోపం ఉందనిపిస్తే రక్తపరీక్ష చేయించండి. లోపముంటే సరిచేయాల్సిందే, ఒంటికి మంచిది. అంతమాత్రాన ఓసీడీ పోతుందని ఆశపడొద్దు. లోపం లేకుండా ఐరన్, విటమిన్ డి అతిగా ఇస్తే హాని. సెయింట్ జాన్స్ వర్ట్, 5-హెచ్‌టీపీ వంటివి సెర్ట్రలిన్, ఫ్లుయాక్సెటిన్ మందులతో కలిస్తే శరీరంలో సెరటోనిన్ ప్రభావం అతిగా పెరిగి వణుకు, జ్వరం, గుండెదడతో ప్రాణం మీదకు రావచ్చు. అందుకే ఇస్తున్న ప్రతి సీసా పేరూ డాక్టరుకు చెప్పండి.

పనిచేస్తుందని రుజువైనది వేరే ఉంది. 2004లో అమెరికాలో 7 నుంచి 17 ఏళ్ల పిల్లలు 112 మందిపై 12 వారాల అధ్యయనం చేశారు. ఈఆర్‌పీతో కూడిన ప్రవర్తన చికిత్సను, సెర్ట్రలిన్‌ను కలిపి ఇచ్చిన బృందంలో సగానికి పైగా పిల్లల్లో లక్షణాలు దాదాపు పోయాయి. చికిత్స ఒక్కటే అందుకున్న వారిలో పది మందికి నలుగురు ఆ స్థాయికి చేరారు. ఉత్తుత్తి మాత్రతో వందకు నలుగురే.

కాబట్టి పిల్లల మానసిక వైద్యుణ్ని ముందు కలవండి. ఈఆర్‌పీ తెలిసిన సైకాలజిస్టు ఉన్నారా అని అడగండి. గ్లాసు కడగడం, భరోసా ఇవ్వడం ఎలా తగ్గించాలో మీరూ నేర్చుకోండి. ఒక్కసారిగా మానేస్తే బిడ్డ తట్టుకోలేదు. జ్వరమో, గొంతునొప్పో వచ్చాక రాత్రికి రాత్రే లక్షణాలు మొదలైతే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే ప్రభుత్వ టెలీ-మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు. హ్యూస్‌కు అందని వైద్యం మీ బిడ్డకు అందుబాటులో ఉంది. సప్లిమెంట్ పనిచేస్తుందేమో చూద్దామని నెలలు గడిపేయకండి. ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి.