అన్నా స్యూవెల్

అన్నా స్యూవెల్ (మార్చి 30, 1820 - ఏప్రిల్ 25, 1878) ప్రముఖ ఆంగ్ల రచయిత్రి. ఒక గుర్రం తన జీవితకథను తానే చెప్పుకొనే బ్లాక్ బ్యూటీ ఈమె వ్రాసిన ఏకైక నవల.

బాల్యము

ఈమె ఇంగ్లాండులోని నార్‌ఫోక్ ప్రాంతానికి చెందిన గ్రేట్ యార్మత్ పట్టణంలో, క్వేకర్ మతశాఖను అనుసరించే కుటుంబంలో జన్మించింది. తల్లి మేరీ రైట్ స్యూవెల్ కూడా రచయిత్రి. పద్నాలుగేళ్ళ వయసులో బడి నుండి ఇంటికి వస్తూ జారిపడడంతో అన్నా చీలమండలు దెబ్బతిన్నాయి. ఆ తరువాత జీవితాంతం ఈమె ఎక్కువ దూరం నడవలేకపోయింది. రాకపోకలకు గుర్రపు బండే ఆధారమయింది. తండ్రిని రైల్వే స్టేషనుకు ఈమే బండిలో తీసుకువెళ్ళి తీసుకువచ్చేది. గుర్రాల స్వభావాన్ని దగ్గరగా గమనించే అవకాశం ఈ విధంగా కలిగింది.

నవలా రచన

1871 - 1877 మధ్య, ఓల్డ్ కాటన్ గ్రామంలో, అనారోగ్యంతో మంచం పట్టి ఉండగా ఈ నవల వ్రాసింది. ఓపిక ఉన్నపుడు చిన్న కాగితాలపై వ్రాసేది, లేనపుడు చెప్పేది. తల్లి శుద్ధప్రతి తయారుచేసేది. 1877 నవంబరులో జారాల్డ్ అండ్ సన్స్ సంస్థ దీనిని ప్రచురించింది. ఇది నేడు బాలసాహిత్యంగా ప్రసిద్ధి పొందినా, గుర్రాలతో పని చేయించే వారిలో దయ కలిగించడమే ఈమె ఉద్దేశము.

కథన విధానము

నవల ఆత్మకథా రూపంలో, ఉత్తమ పురుషలో సాగుతుంది. ముఖపత్రంపై రచయిత్రి గుర్రాల భాష నుండి అనువదించిన వ్యక్తిగా మాత్రమే పేర్కొనబడింది. యజమానులు మారుతున్న కొద్దీ సంపన్నుల గుర్రపుశాల నుండి లండన్ అద్దె బండ్ల వరకు సమాజంలోని అన్ని అంతస్తులు పాఠకునికి కనిపిస్తాయి. గుర్రాలు తమలో తాము మాట్లాడుకుంటాయి కాని, వాటి మాట మనుషులకు అర్థం కాదు. కథలోని విషాదానికి ఇదే మూలము. తల ఎత్తి ఉంచడానికి బిగించే బేరింగ్ రెయిన్ అనే పగ్గం వలన కలిగే బాధను బాధపడే ప్రాణియే వివరించడం వలన పాఠకుడు దానిని తన బాధగా అనుభవిస్తాడు.

ఇతర రచనలతో పోలిక

రడ్‌యార్డ్ కిప్లింగ్ జంగిల్ బుక్ (1894) లో మనిషి బిడ్డ అయిన మౌగ్లీకి జంతువుల భాష తెలుసు. కెన్నెత్ గ్రాహం వ్రాసిన ది విండ్ ఇన్ ది విల్లోస్ (1908) లో జంతువులు దుస్తులు ధరించి, మోటారుకార్లు నడుపుతాయి. అవి జంతురూపంలోని మనుషులే. జార్జ్ ఆర్వెల్ యానిమల్ ఫామ్ (1945) రాజకీయ వ్యంగ్యరచన. అందులోని బాక్సర్ అనే గుర్రం శ్రామికవర్గానికి ప్రతీక. స్యూవెల్ నవలలో మాత్రం గుర్రం దేనికీ ప్రతీక కాదు, అది గుర్రమే. మాట్లాడే శక్తి తప్ప మానవ లక్షణాలను ఈమె దానికి అతి తక్కువగా కల్పించింది.

మరణము, ప్రభావము

నవల వెలువడిన ఐదు నెలలకే ఈమె మరణించింది. 1890లో జార్జ్ ఏంజెల్ అమెరికాలో ఈ పుస్తకాన్ని ప్రచురించి, జంతుసంక్షేమ ప్రచారంలో భాగంగా విస్తృతంగా పంపిణీ చేయించాడు. బేరింగ్ రెయిన్ వాడకంపై వ్యతిరేకత పెరగడానికి ఈ నవల ఎంతగానో తోడ్పడింది. ఆ మార్పును చూసే భాగ్యం రచయిత్రికి కలుగలేదు.