మొదటి మెట్టు మీద ముహమ్మద్ రఫీ

బుధవారం రాత్రి ఎనిమిది గంటలయ్యేసరికి ఇళ్లలో, హోటళ్లలో రేడియో చుట్టూ జనం చేరడం మా చిన్నతనంలో చూశాము. సిలోన్ స్టేషను అలల మీద ఊగుతూ వినిపించేది. కాసేపు దగ్గరగా, కాసేపు దూరంగా. ఆ కార్యక్రమమే బినాకా గీత్‌మాలా. ఆనాడు ఆకాశవాణిలో సినిమా పాటలకు చోటు లేకుండా పోవడంతో శ్రోతలు సిలోన్ వైపు మళ్లారు. 1952 డిసెంబరు 3న మొదలైన గీత్‌మాలాను నడిపినవారు జనాబ్ అమీన్ సయానీ. రికార్డుల అమ్మకాలను, శ్రోతల సంఘాల ఉత్తరాలను లెక్కగట్టి పాటలకు వరుస నిర్ణయించేవారు. ఆ వరుసలోని ఒక్కొక్క స్థానాన్ని ఆయన పాయ్‌దాన్ అనేవారు, అంటే మెట్టు. కింది మెట్టు నుంచి పైకి ఎక్కుతూ చివరికి మొదటి పాట వినిపించేవారు. ఏడాది చివర మొత్తం సంవత్సరానికి మరో వరుస ఉండేది.

ఆ మెట్ల మీద అందరికంటే పైన ఎన్నోసార్లు నిలిచిన గొంతు ముహమ్మద్ రఫీ సాహెబ్‌ది. 2024 డిసెంబరు 24 నాటికి ఆయన పుట్టి నూరేళ్లు నిండాయి. ఈ వారం ఆయన జీవితాన్ని తలచుకుందాం.

అమృత్‌సర్ దగ్గరి కోట్లా సుల్తాన్‌సింగ్ ఆయన సొంత ఊరు. ఆ వీధుల్లో పాడుతూ తిరిగే ఒక ఫకీరు వెంట పడి, అతని పాటను అచ్చంగా అలాగే పాడేవాడట ఆ పిల్లవాడు. తండ్రి హాజీ అలీ ముహమ్మద్ కుటుంబంతో లాహోరు చేరి భాటీ గేటు ప్రాంతంలో క్షౌరశాల నడిపారు. రఫీ పదమూడేళ్ల వయసులో తొలిసారి వేదిక ఎక్కారు. ఉస్తాద్ అబ్దుల్ వహీద్ ఖాన్, పండిత్ జీవన్‌లాల్ మట్టూ, ఫిరోజ్ నిజామీ ఆయనకు సంగీతం నేర్పారు. గురువుల్లో ముస్లిములూ ఉన్నారు, హిందువులూ ఉన్నారు.

ఆయన ప్రతిభను గుర్తించి బొంబాయికి దారి చూపినవాడు అన్నగారి స్నేహితుడు హమీద్. 1944లో వచ్చి భేండీ బజారులో పది అడుగుల గదిలో కాపురం పెట్టారు. 1947లో వచ్చిన జుగ్నూ చిత్రంలో నూర్జహాన్‌తో పాడిన యుగళగీతం ఆయనకు పేరు తెచ్చింది. 1952లో నౌషాద్ సంగీతంతో బైజూ బావ్‌రా విడుదలయింది. అందులో ఒక భజనను రాసినవారు షకీల్ బదాయూనీ, బాణీ కట్టినవారు నౌషాద్, పాడినవారు రఫీ. ముగ్గురూ ముస్లిములే. ఆ భజన ఈనాటికీ గుళ్లలో వినిపిస్తూనే ఉంది.

అదే ఏడాది చివర గీత్‌మాలా మొదలయింది. 1956లో సి.ఐ.డి. చిత్రం కోసం గీతా దత్‌తో కలిసి పాడిన పాట సంవత్సరానికి మొదటి మెట్టు ఎక్కింది. మరుసటి ఏడాది జనమ్ జనమ్ కే ఫేరే పాటది అదే స్థానం. ఆ తరువాత 1960 నుంచి 1963 వరకు వరుసగా నాలుగేళ్లు ఆయన గొంతే మొదట నిలిచింది. బర్సాత్ కీ రాత్, ససురాల్, జంగ్లీ, తాజ్‌మహల్ ఆ నాలుగు చిత్రాలు. 1966లో సూరజ్ పాటతో మళ్లీ ఆయనే. 1967లో పద్మశ్రీ వచ్చింది.

అంత ఎత్తున ఉన్న రోజుల్లోనే లతా మంగేష్కర్‌తో పేచీ వచ్చింది. పాటకు వచ్చే రాయల్టీలో గాయకులకు వాటా కావాలని ఆమె కోరారు. పాడినందుకు డబ్బు తీసుకున్నాక మళ్లీ అడగడం సరికాదని రఫీ సాహెబ్ భావించారు. ఇద్దరూ కొన్నేళ్లు కలిసి పాడలేదు. ఇక్కడ మనం న్యాయంగా మాట్లాడుకోవాలి. గాయకుల హక్కు అడగడంలో లతాగారిది తప్పు కాదు. 2012లో కాపీరైటు చట్టం సవరణ గాయకులకు ఆ హక్కు ఇచ్చింది. కానీ రఫీ సాహెబ్ మాట ఆయన నడతకు తగినదే. డబ్బులేని నిర్మాతలకు, కొత్త సంగీత దర్శకులకు నామమాత్రపు సొమ్ముకే పాడిన మనిషి ఆయన.

అసలు పరీక్ష తరువాత వచ్చింది. 1969లో హిందీ ఆరాధన విడుదలై కిశోర్ కుమార్ గాలి వీచింది. అదే చిత్రంలో రఫీ కూడా పాడారు, కాని జనం నోట కిశోర్ పాటలే. 1967 నుంచి 1979 దాకా, పదమూడేళ్లపాటు, సంవత్సరపు మొదటి మెట్టు మీద రఫీ పాట లేదు. ఆ మధ్యకాలంలో హజ్ యాత్ర చేసి వచ్చారు. కొంతకాలం పాటకు దూరంగా కూడా ఉన్నారు. ఎవరినీ నిందించలేదు. లోగడ 1958లో రాగినీ చిత్రంలో తెర మీద కనిపించే కిశోర్‌కే తన గొంతు అరువిచ్చిన రఫీ, ఇప్పుడు అతని కీర్తిని చూసి కుళ్లుకోలేదు. మద్యం ముట్టలేదు, విందులకు తిరగలేదు. పిలిచినచోట పాడారు.

ఆ కాలంలోనే మన తెలుగుకు మరింత దగ్గరయ్యారు. 1969లో భలే తమ్ముడు, 1976లో తెలుగు ఆరాధన చిత్రాలలో ఎన్.టి. రామారావుగారికి, 1979లో అక్బర్ సలీం అనార్కలీ చిత్రంలో బాలకృష్ణకు పాడారు. తెలుగు రాని నోట ఆ తెలుగు మాటలు ఎంత మెత్తగా పలికాయో పెద్దలను అడగండి.

1977లో హమ్ కిసీసే కమ్ నహీఁ పాట జాతీయ పురస్కారాన్ని, ఆరవ ఫిల్మ్‌ఫేర్‌ను తెచ్చింది. సబ్ర్ పట్టినవానికి దారి మళ్లీ తెరుచుకుంది.

1980 జూలై 31, గురువారం. రంజాను నెల. ఆ రాత్రి గుండెపోటుతో ఆయన ఇంతకాల్ అయ్యారు. వయసు 55. మరునాడు జుమా. జోరున కురుస్తున్న వానలో వేలాది మంది జనాజా వెంట నడిచారు. జుహూ ఖబరస్తాన్‌లో ఖననం జరిగింది. ఆ ఏడాది చివర గీత్‌మాలాలో మెట్లు ఎక్కుతూ పోతే పైన వినిపించింది సర్గమ్ చిత్రంలో ఆయన, లతా పాడిన యుగళగీతమే. పదమూడేళ్ల తరువాత మొదటి మెట్టు దొరికింది, వినడానికి ఆయన లేరు.

2010లో ఆ ఖబరస్తాన్‌లో కొత్త జనాజాలకు చోటు చాలక పాత సమాధుల కట్టడాలు తొలగించారు. రఫీ సాహెబ్‌దీ పోయింది. వచ్చిన అభిమానులు దగ్గరున్న కొబ్బరిచెట్టును గుర్తుపెట్టుకుని ఫాతిహా చదువుతారు. మట్టి కింద పేదా, పేరున్నవాడూ ఒక్కటే. మెట్ల లెక్క చెప్పిన అమీన్ సయానీ సాహెబ్ కూడా 2024 ఫిబ్రవరిలో కన్నుమూశారు.

మొదటి మెట్టు ఎవరికీ శాశ్వతం కాదు. కింది మెట్టు మీద ఉన్నప్పుడు మనిషి ఎలా ఉన్నాడన్నది మాత్రం మిగులుతుంది. పరీక్షల్లో ర్యాంకుల కోసం తల్లడిల్లే మన పిల్లలకు ఈ మాట చెబుదాం. అల్లాహ్ ఆ మర్హూమ్‌కు మగ్ఫిరత్ ప్రసాదించుగాక. ఆమీన్.