ఆంధ్ర పితామహుడు మాడపాటి హనుమంతరావు పంతులు: వెట్టి విముక్తి, స్త్రీ విద్య

చరిత్రలో కొందరు ఖడ్గంతో మార్పు తెచ్చారు. కొందరు ఉద్రేకపూరితమైన ఉపన్యాసాలతో ప్రజలను కదిలించారు. ఈ రెండు మార్గాలనూ అవలంబించక, దరఖాస్తు, చిన్న పుస్తకం, పాఠశాల అనే మూడు సాధనాలనే నమ్ముకొని అర్ధ శతాబ్ది కాలం ప్రజాసేవ చేసిన మహనీయులు శ్రీ మాడపాటి హనుమంతరావు పంతులుగారు. తెలంగాణా ప్రజలు వారిని ఆంధ్ర పితామహుడని గౌరవంగా పిలుచుకున్నారు. మన నల్లగొండ, మహబూబునగరం ప్రాంతాల విద్యార్థులు ఆ పేరు విని ఉండవచ్చు గాని, ఆ బిరుదు వెనుక ఉన్న శ్రమను ఎరిగినవారు తక్కువ. మానవుని మానవుడు బానిసగా వాడుకొనడం, స్త్రీకి అక్షరాన్ని నిరాకరించడం అనే రెండు అన్యాయాలను ఒకే జీవితకాలంలో ఎదుర్కొన్న వ్యక్తిగా వారిని స్మరించుకోవడం ఈ వ్యాసం ఉద్దేశం.

హనుమంతరావుగారు 1885 జనవరి 22న కృష్ణా జిల్లా నందిగామ తాలూకాలో జన్మించారు. తండ్రి వెంకటప్పయ్య, తల్లి వెంకట సుబ్బమ్మ. బాల్యంలోనే తండ్రిని కోల్పోయిన ఆ బాలునికి నాటి నల్లగొండ జిల్లాలోని సూర్యాపేటలో మేనమామల ఇల్లే ఆశ్రయమైంది. ప్రాథమిక విద్య సూర్యాపేటలో, ఉన్నత పాఠశాల విద్య హనుమకొండలో సాగింది. నైజాం రాజ్యంలో నాడు ప్రభుత్వ కార్యాలయాల్లోనూ న్యాయస్థానాల్లోనూ ఉర్దూ రాజభాష. ఆయన ఉర్దూ, పారసీ భాషలను శ్రద్ధగా నేర్చుకున్నారు. హనుమకొండలో ప్రభుత్వ శాఖలో చిరుద్యోగం చేసి, తరువాత వకాలతు పరీక్షలో ఉత్తీర్ణులై హైదరాబాదులో న్యాయవాది అయ్యారు. ముషీరె దక్కన్ అనే ఉర్దూ పత్రికకు సంపాదకీయాలు వ్రాశారు. తెలుగులో కథలు వ్రాశారు. ఒక చేత ఉర్దూ కలం, ఒక చేత తెలుగు కలం పట్టిన ఆ మనిషికి రెండు భాషల మధ్య వైరం ఎన్నడూ కనబడలేదు. రెండు భాషలు తెలిసినవాడు రెండు లోకాల మధ్య వంతెన కాగలడని వారి జీవితమే నిరూపించింది.

1921 నవంబరులో హైదరాబాదులోని వివేకవర్ధని ప్రాంగణంలో సంఘ సంస్కరణ సభ జరిగింది. అధ్యక్షులు మహర్షి ధోండో కేశవ కార్వే. వితంతువుల ఉద్ధరణకూ స్త్రీ విద్యకూ జీవితాన్ని అంకితం చేసి, 1916లో పూనాలో మహిళా విశ్వవిద్యాలయాన్ని స్థాపించిన మహనీయుడాయన. ఆ సభలో అల్లంపల్లి వెంకటరామారావుగారు తెలుగులో ప్రసంగించబోగా, సభికులలో కొందరు ఎగతాళి చేసి, చప్పట్లు చరచి, ఆయనను మాట్లాడనీయలేదు. రాజ్యంలో దాదాపు సగం మంది మాట్లాడే భాషకు రాజధానిలో జరిగిన గౌరవం అది. అవమానం పొందిన తెలుగువారు ఆనాడే టేకుమాల రంగారావుగారి ఇంట సమావేశమై ఆంధ్ర జనసంఘాన్ని స్థాపించారు. ఆ సంఘ కార్యభారం హనుమంతరావుగారి భుజాలపై పడింది. కోపాన్ని కార్యంగా మార్చడం వారి స్వభావం. గ్రంథాలయాలు, పాఠశాలలు, శాసనాల సేకరణ, వర్తకుల కష్టాలు ఒక్కొక్కటే సంఘం చేపట్టింది. 1923లో ఆంధ్ర జన కేంద్రసంఘం తొలి సమావేశం హనుమకొండలో జరిగింది. మరుసటి ఏడు నల్లగొండలోను, 1925లో మధిరలోను, 1928లో సూర్యాపేటలోను సమావేశాలు జరిగాయి. తాను అక్షరాలు దిద్దిన సూర్యాపేటకు ఆయన ఈ విధంగా ఋణం తీర్చుకున్నారు.

కేంద్రసంఘం తలపెట్టిన కార్యాలన్నింటిలోను వెట్టిచాకిరి నిర్మూలన ముఖ్యమైనది. వెట్టి అంటే ఏమిటో నేటి విద్యార్థికి వివరించి చెప్పవలసి ఉంది. గ్రామానికి అధికారి వచ్చి మకాం వేస్తే కుమ్మరి కుండలు తేవాలి, చాకలి బట్టలు ఉతకాలి, మంగలి ఒళ్లు పట్టాలి, గొల్లవారు గొర్రెను ఇవ్వాలి, కోమటి సరుకులు ఇవ్వాలి, మాల మాదిగలు మూటలు మోసి కబుర్లు చేరవేయాలి, రైతు తన పొలం పని మాని బండి కట్టాలి. స్త్రీలు వడ్లు దంచాలి, పిండి విసరాలి. దొర గడీలో ఈ చాకిరి ఏడాది పొడుగునా ఉండేది. కూలి అన్న మాట లేదు; కాదన్న మాటకు తావు లేదు. ఇదిగాక, అప్పు తీరేవరకు యజమాని ఇంట పనిచేయవలసిన భగేలా పద్ధతి ఒకటి. తండ్రి చేసిన అప్పు కొడుకు మెడకు చుట్టుకొనేది. కొందరు దొరల ఇళ్లలో కుమార్తెను అత్తవారింటికి పంపేటప్పుడు ఆమె వెంట ఒక పేద పిల్లను అడబాపగా పంపేవారు. ఆ పిల్లకు పెండ్లి లేదు, తన ఇల్లు లేదు, తన దేహంపై తనకు హక్కు లేదు. వెట్టి ఎక్కడ ఉన్నదో అక్కడ దాని భారంలో సగానికి మించి స్త్రీయే మోసిందని దీనిని బట్టి గ్రహించవచ్చు.

బానిసత్వానికి అప్పటికే లోకంలో కాలం చెల్లింది. 1833లో బ్రిటిషు పార్లమెంటు తన వలస రాజ్యాలలో దానిని రద్దు చేసే చట్టం చేసింది. 1843లో ఈస్టిండియా కంపెనీ ఏలుబడిలోని న్యాయస్థానాలు బానిసపై యజమాని హక్కును గుర్తించరాదని శాసనం వచ్చింది. 1865లో అమెరికా రాజ్యాంగం బానిసత్వాన్ని నిషేధించింది. అమెరికాలో ఆ ఉద్యమాన్ని నడిపిన గ్రింకే సోదరీమణులు స్త్రీ బహిరంగ సభలో మాట్లాడరాదన్న ఆక్షేపణను ఎదుర్కొని, బానిస విముక్తి కోసం వాదిస్తూనే స్త్రీల హక్కు కోసమూ వాదించవలసి వచ్చింది. 1848లో సెనెకా ఫాల్స్‌లో జరిగిన స్త్రీల హక్కుల సభలో, బానిసత్వం నుండి తప్పించుకొని వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ స్త్రీలకు ఓటు హక్కు ఉండాలని వాదించాడు. ఒకరి సంకెల తెగాలన్న వాదం న్యాయమైతే, అది మరొకరి సంకెల వద్ద ఆగిపోదు. ఈ తర్కం మన తెలంగాణాలో కూడా అదే త్రోవన నడిచింది.

హనుమంతరావుగారు వెట్టిని ఎదుర్కొన్న తీరు న్యాయవాది తీరు. వెట్టిని అదుపుచేస్తూ నిజాం ప్రభుత్వం జారీ చేసిన ఫర్మానాలు, గస్తీలు అప్పటికే కొన్ని ఉన్నాయి. కాని అవి ఉర్దూలో ఉన్నాయి. కచేరీ బీరువాలలో ఉన్నాయి. వాటిని చదవగల పటేలు పట్వారీలకు చదివి వినిపించే అవసరం లేదు; వినవలసిన వెట్టివానికి ఆ భాష రాదు. హనుమంతరావుగారు ఆ ఉత్తర్వులను సేకరించి, తెలుగులో వివరించి, వెట్టిచాకిరి అన్న చిన్న పుస్తకంగా వెలువరించారు. సంఘ కార్యకర్తలు దానిని గ్రామాలకు చేర్చారు. ఆ పుస్తకం కొత్త హక్కును ఏదీ సృష్టించలేదు. ఉన్న హక్కును ఉన్నదని తెలిపింది. అంతమాత్రమే పెద్ద విప్లవమైంది. ప్రభుత్వాన్ని ధిక్కరించారని ఆయనపై నేరం మోపడానికి వీలు లేకపోయింది. ఎందుకంటే ఆయన చదివి వినిపించినవి ప్రభుత్వ ఉత్తర్వులే! ఆనవాయితీ అన్న మాటతో అన్యాయాన్ని సమర్థించేవారికి ఆ రాజ్యపు శాసనమే సమాధానమైంది.

ఇక స్త్రీ విద్య. 1918లో వెలసిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధనాభాష ఉర్దూ. ఒక దేశభాషలో ఉన్నత విద్య గరపడం ఆ కాలానికి గొప్ప సాహసమే. కాని తెలుగు ఇంటి బాలికకు ఆ ద్వారం దూరంగానే ఉండిపోయింది. ఇంట వినే భాష ఒకటి, బడిలో భాష మరొకటి. దానికి తోడు బాల్యవివాహం, ఘోషా, తల్లిదండ్రుల భయం. బ్రిటిషు ఇండియాలో 1929లో శారదా చట్టం వచ్చినా నైజాం రాజ్యానికి అది వర్తించలేదు. ఇట్టి పరిస్థితులలో 1928లో హనుమంతరావుగారు మిత్రులతో కలిసి హైదరాబాదు నారాయణగూడలో ఆంధ్ర బాలికోన్నత పాఠశాలను నెలకొల్పారు. తెలుగు మాధ్యమం కనుక ఆ పాఠశాలకు స్థానికంగా గుర్తింపు దొరకలేదు. గుర్తింపు లేని చదువుకు పిల్లలను ఎవరు పంపుతారు? అప్పుడాయన పూనా వైపు చూశారు. పాఠశాల కార్వే మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధమై, మన బాలికలు ఆ పరీక్షలకు కూర్చున్నారు. కార్వే మహాశయుడు అధ్యక్షత వహించిన సభలోనే తెలుగుకు అవమానం జరిగింది. ఆ కార్వే స్థాపించిన విద్యాలయమే తెలుగు బాలికలకు నీడనిచ్చింది. పాత గాయాన్ని మనసులో ఉంచుకొని ఉంటే ఆ తలుపు తట్టడం హనుమంతరావుగారికి సాధ్యమయ్యేది కాదు. కార్యం పెద్దదైనప్పుడు అభిమానం చిన్నదవుతుంది. ఆ పాఠశాలకు కాలక్రమంలో ఆయన పేరే వచ్చింది.

అదే నగరంలో ఉర్దూ రచయిత్రి సుగ్రా హుమాయూన్ మీర్జా ముస్లిం స్త్రీల అభ్యుదయానికి కృషి చేసి, 1934లో బాలికల కోసం సఫ్దరియా పాఠశాలను స్థాపించారని ఇక్కడ స్మరించుకోవాలి. భాషలు వేరైనా, మతాలు వేరైనా, బాలిక చేతికి పలక ఇవ్వాలన్న తపన ఒకటే.

1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ తొలిసారి సమావేశమైంది. అధ్యక్షులు మన పాలమూరు సీమ రత్నం సురవరం ప్రతాపరెడ్డిగారు. అదే పందిరిలో ఆంధ్ర మహిళాసభ నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన జరిగింది. ఆ తరువాత మహాసభ ఎక్కడ జరిగితే మహిళాసభ అక్కడ జరిగింది: 1931లో నల్లగొండ జిల్లా దేవరకొండలో, 1934లో ఖమ్మంలో, 1936లో మహబూబునగరం జిల్లా షాద్‌నగరులో. 1935లో సిరిసిల్లలో మహాసభకు హనుమంతరావుగారు అధ్యక్షులు కాగా, మహిళాసభకు వారి సతీమణి మాణిక్యమ్మగారు అధ్యక్షురాలు. స్త్రీ విద్యను వేదికపై ప్రబోధించి ఇంట మరచినవారు చరిత్రలో ఎందరో ఉన్నారు. పంతులుగారు ఆ కోవకు చెందినవారు కారు.

ఆయన మార్గానికి పరిమితులు లేకపోలేదు. విన్నపాలతో, ఉత్తర్వులతో గడీల తలుపులు పూర్తిగా తెరుచుకోలేదు. 1936లో ప్రభుత్వం భగేలా ఒప్పందాలను క్రమబద్ధం చేస్తూ నిబంధనలు తెచ్చినా, పల్లెల్లో అప్పు బానిసత్వం పోలేదు. కొత్త తరం యువకులు ఈ మెల్లని నడకతో తృప్తి చెందలేదు. 1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన జరిగిన మహాసభ నాటికి మితవాదులు వేరుపడ్డారు. హనుమంతరావుగారు సాయుధ మార్గాన్ని అంగీకరించలేదు. నల్లగొండ పల్లెలు వెట్టికి వ్యతిరేకంగా తిరగబడినప్పుడు ఆ పోరాటం వేరే నాయకుల చేతిలో ఉంది. కాని వెట్టి అన్యాయమని, అది చట్టవిరుద్ధమని పల్లె మనసులో తొలి విత్తనం నాటినవారిలో ఆయన అగ్రగణ్యులని ఆ మార్గాన్ని విమర్శించినవారు కూడా కాదనలేరు.

హైదరాబాదు రాజ్యం భారతదేశంలో విలీనమైన తరువాత 1951లో ఆయన హైదరాబాదు నగరానికి మేయరయ్యారు. 1955లో భారత ప్రభుత్వం పద్మభూషణ్‌తో సత్కరించింది. 1958 నుండి 1964 వరకు ఆంధ్రప్రదేశ్ శాసన మండలికి అధ్యక్షులుగా ఉన్నారు. తాను నడిచిన దారిని తెలంగాణాలో ఆంధ్రోద్యమము అనే రెండు సంపుటాల గ్రంథంలో నమోదు చేశారు. 1970 నవంబరు 11న పరమపదించారు.

విద్యార్థి మిత్రులారా! భారత రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దేవుని పేర బాలికలను అంకితం చేయరాదని 1988లో చట్టం వచ్చింది. అయినా ముందు బయానా పుచ్చుకొని, మేస్త్రీ వెంట దూరదేశాలకు వలస వెళ్లిన పాలమూరు కూలీల కథ మనకు తెలియనిది కాదు. జోగినీ దురాచారానికి బలియైన ఆడపిల్లల ఊళ్లు మన జిల్లాల్లోనే ఉన్నాయి. చట్టం పుస్తకంలో ఉంటే చాలదు. దానిని చదవలేనివారికి వారి భాషలో చదివి చెప్పేవారు కావాలి. నూరేళ్ల క్రితం ఒక వకీలు చేసిన పని అదే. ఉర్దూ, తెలుగు రెండూ నేర్చే భాగ్యం గల మన కళాశాల విద్యార్థులకు ఆ పని చేసే అర్హత మరింత ఉన్నది. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు, అక్షరం రాని ఒక్క పొరుగువానికైనా అతని హక్కును అతని మాటలలో తెలియజెప్పగలిగితే, బడి మానిన ఒక్క చెల్లెలినైనా తిరిగి బడికి పంపగలిగితే, ఆంధ్ర పితామహునికి అంతకు మించిన నివాళి లేదు.